గోడ అవతలి గాలి

"ఊళ్ళో ఇన్ని కేసులుండగా నీకు మన చిన్నా ఆఫీసే దొరికిందా?" అత్తయ్య అప్పటికి మూడోసారి అడిగింది.

"నేను వెతుక్కుంటూ వెళ్ళలేదత్తయ్యా. కేసే నన్ను వెతుక్కుంటూ వచ్చింది."

"వస్తే? గుమ్మం ముందుకొచ్చిన ప్రతివాళ్ళనీ లోపలికి పిలిచి కూర్చోబెడతామా?"

"ఆ మాట నువ్వు సబ్బులమ్మేవాళ్ళ విషయంలో గుర్తుపెట్టుకునుంటే మన బీరువాలో బట్టలకి చోటుండేదమ్మా" అన్నాడు మా ఆయన పేపరు వెనక నుంచి. ఎవరూ నవ్వలేదు. ఆయన పేజీ తిప్పాడు.

మా మరిది చిన్నా గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. గొడవంతా తన గురించే అయినా తలెత్తలేదు. తోడికోడలు అతను రేపు వేసుకోబోయే చొక్కా ఇవాళే ఇస్త్రీ చేస్తోంది.

"మానేయమని కాదక్కా" అంది ఇస్త్రీ పెట్టె ఆపకుండా. "రేపొక్కరోజు దాటనివ్వండి. సంతకాలైపోయాక మీరు ఎన్ని ప్రశ్నలైనా అడగండి, అప్పుడూ నేను వద్దంటే నన్నడగండి."

"సంతకాలయ్యాక నేనేం కనిపెట్టినా అది ఎవరికి పనికొస్తుంది?"

ఆమె కాలరు మీద లేని మడతను పదేపదే రుద్దింది.

రేపటి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. దేశమంతా ఇప్పుడు కొత్త మందులు, టీకాలు, రక్తపరీక్షలు అంటోంది. మామూలు ఆఫీసులు ఖాళీగా పడి ఉంటే, ప్రయోగశాలలకు మాత్రం చోటు దొరకడం లేదు. ఆ సంగతి ముందుగా పసిగట్టినవాళ్ళు ఖాళీ ఆఫీసు భవనాలు కొని, గదుల్లో సింకులూ గ్యాసు గొట్టాలూ పెట్టించి, శాస్త్రవేత్తలకు అద్దెకిస్తున్నారు. అలాంటి ఒక భవనానికి మా మరిది మేనేజరు. రేపు ఆ భవనాన్ని మొత్తంగా పెద్ద పెట్టుబడిదారులు కొంటున్నారు. అత్తయ్య తన రెండు గదుల ఫ్లాటు అమ్మి ఆ భవనం వాటాల్లో పెట్టింది. అందుకే మేమంతా ఇప్పుడు ఒకే అద్దెయింట్లో సర్దుకుంటున్నాం. అమ్మకం పూర్తయితే ఆమెకు మళ్ళీ సొంత ఇల్లు అమరుతుంది. పూర్తికాకపోతే ఏమిటన్నది ఎవరూ పైకి అనలేదు.

పది రోజుల క్రితం అదే భవనం మూడో అంతస్తులో ఒక అమ్మాయి చనిపోయింది. చిన్న గది అద్దెకు తీసుకుని, కంటిపొర దెబ్బతిన్నవాళ్ళకు వేయడానికి కణాలు పెంచుతూ ఉండేది. సన్నగా, ఒకచోట నిలవకుండా తిరిగేదని భవనంలో అందరూ ఆమెను పిచ్చుక అనేవాళ్ళు. కణాలను నిలవ ఉంచే ఆ గదిలోనే పడి ఉంది. గుండె ఆగిందన్నారు. ఉన్న గుండెజబ్బును దాచిపెట్టి అద్దె ఒప్పందం మీద సంతకం చేసిందని భవనం వాళ్ళు ఒక మాట కలిపారు.

పిచ్చుక తల్లి బస్సు కండక్టరు. నిన్న డ్యూటీ మధ్యలో, యూనిఫాంలోనే నా డిటెక్టివ్ ఆఫీసుకొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పోయిన పిల్లని ఎవరూ తెచ్చివ్వలేరమ్మా. ఆ సంగతి నాకు తెలుసు" అంది. "కానీ నా కూతురు అబద్ధం చెప్పి గది తీసుకుందంటున్నారు. అది ఐదంతస్తులు పరిగెత్తి ఎక్కి, పైనుంచి నన్ను వెక్కిరించేది. గుండెజబ్బేంటి? దాని పేరు పక్కన అబద్ధాలకోరు అన్న మాట ఉండకూడదు. అదొక్కటి తీసేయించు చాలు."

నేను ఒప్పుకున్నాను. ఏ భవనమో తెలిశాక కూడా ఒప్పుకున్నాను.

మా మరిది లేచి నిలబడ్డాడు. "ఆ అమ్మాయి నాకు తెలుసు వదినా. మంచి పిల్ల. గుండె ఆగిపోతే భవనమేం చేస్తుంది చెప్పు?"

"ఏమీ చేయకపోతే, నేను వెళ్ళి చూసినంత మాత్రాన దానికి నొప్పేముంది?"

అతను మళ్ళీ వంగాడు. అప్పుడే కట్టిన ముడి విప్పి, మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు.

*

మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా కోటు నిలబడి ఉన్నాడు.

అతనికి పేరు లేక కాదు. మేమిద్దరం ఒకే ఏజెన్సీలో పని నేర్చుకున్నప్పటి నుంచీ అందరూ అలాగే పిలుస్తారు. తర్వాత అతను సొంత ఏజెన్సీ పెట్టి కంపెనీల కేసులు మాత్రమే చూస్తున్నాడు. ఈ భవనం వాళ్ళు పెట్టుకున్న డిటెక్టివ్ అతనే.

"రండి చెల్లెమ్మా. వంట అయిపోయిందా?"

"అయిపోయిందన్నయ్యా. ఈ ఎండలో ఆ కోటులో మీరే ఇంకా ఉడుకుతున్నట్టున్నారు."

అతను నవ్వి దారి ఇచ్చాడు. నడవాలో రెండు వైపులా తలుపులు. ఆఫీసుగా ఉన్నప్పుడు ఇన్ని తలుపులు ఉండివుండవు. ఆసుపత్రి వార్డులో మంచాల్లా దగ్గరదగ్గరగా ఉన్నాయి. ప్రతి తలుపు మీదా కొత్త బోర్డు, కొత్త కంపెనీ పేరు.

"మీకు శ్రమ లేకుండా అన్నీ సిద్ధంగా ఉంచాను" అన్నాడు కోటు. "ఈ గదిలో ద్రవ నత్రజని ఉంటుంది. కణాలు పాడవకుండా అందులో ముంచి పెడతారు. అది ఆవిరై గదంతా నిండితే ప్రాణవాయువు తగ్గిపోతుంది. రంగుండదు, వాసనుండదు. మనిషికి ఊపిరాడటం లేదని కూడా తెలియదు. రెండు మూడు సార్లు పీలిస్తే కుప్పకూలిపోవడమే. మీరు పట్టుకోబోయేది ఇదే కదా?"

"ఇంకా ఏమీ పట్టుకోలేదు. చెప్పండి."

"అందుకే ఇక్కడ ఇది పెట్టారు." పిచ్చుక గది తలుపు పక్కన గోడకు అరచేతంత పెట్టె ఉంది. దాని మీద ఆకుపచ్చ అంకెలు వెలుగుతున్నాయి. "లోపల గాలిలో ప్రాణవాయువు ఎంతుందో ఇది చూపిస్తుంది. మామూలుగా నూటికి దాదాపు ఇరవై ఒకటి. పంతొమ్మిదికి దిగితే చెవులు పగిలేలా మోగుతుంది. నేను దీన్ని పరీక్షించాను. బాగానే పనిచేస్తోంది. ఆ రోజు ఇది మోగలేదు. మోగలేదంటే గాలి బాగుంది. గాలి బాగుంటే మనిషి చచ్చిపోయింది గాలి వల్ల కాదు. ఇంక మిగిలింది గుండే."

"మోగలేదని ఎవరన్నారు?"

"కెమెరా అంది." జేబులోంచి ఫోను తీసి నా ముందు పెట్టాడు.

నడవాలో తెల్లకోటు వేసుకున్న సన్నటి అమ్మాయి గబగబా వచ్చింది. చంకలో ఒక డబ్బా. తలుపు పిడి మీద చేయి వేసి ఆగింది. చేయి తీసేసింది. తల తిప్పి పెట్టె మీది అంకెలు చూసింది. చూపుడువేలితో దాని అద్దం మీద ఒకసారి తట్టింది. అంకె మారుతుందేమోనని కాసేపు నిలబడింది. ఆ తర్వాత తలుపు తెరుచుకుని లోపలికి వెళ్ళింది. తలుపు దానంతటదే మూసుకుంది. అంకెలు పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి.

"చూశారా? ఇరవై పాయింట్ తొమ్మిది" అన్నాడు కోటు.

నేను అంకెలు చూడలేదు. ఆ వేలిని చూశాను. ప్రయాణికుడిచ్చిన నోటును వెలుగులో తిప్పి చూసి గానీ టిక్కెట్టు ఇవ్వని తల్లి కూతురు. చూసుకునే వెళ్ళింది.

"తలుపు తెరిపించండి" అన్నాను.

"ట్యాంకులు తీసేశారు. ఖాళీ గది. ఏం చూస్తారు?"

"ఖాళీ గదినే."

తలుపును కుర్చీ అడ్డం పెట్టి బార్లా తెరిచి ఉంచాను. లోపల ఇద్దరు పక్కపక్కన నిలబడితే మోచేతులు తగిలేంత చోటు. మూడువైపులా పాత గోడలు. కుడివైపు గోడ మాత్రం మిగతావాటికంటే తెల్లగా ఉంది. వేలితో కొట్టాను. డబడబమంది.

నేలవైపు చూశాను. మా అద్దెయింట్లో టైల్స్ తుడిచే పని నాదే కాబట్టి గోడ మొదట్లో టైలు ఎలా ముగుస్తుందో నాకు కొత్త కాదు. గోడ దగ్గరికొచ్చేసరికి టైలును కోసి అమరుస్తారు. పాత గోడల దగ్గర అలాగే ఉంది. కుడివైపు గోడ మాత్రం నిండు టైలు నడినెత్తిన కూర్చుంది. పైన దీపం కూడా గది మధ్యలో లేదు. ఆ గోడకు అంటుకుపోయి, సగం వెలుగు గోడకే వేస్తోంది.

"ఇది తర్వాత కట్టిన గోడ" అన్నాను.

"కట్టుకుంటారు. వాళ్ళ భవనం."

పై కప్పులో గాలిని బయటికి లాగే జాలీ ఉంది. గుయ్యిమని చప్పుడూ వినిపిస్తోంది. నేను సంచిలోంచి పల్చటి టిష్యూ కాగితం తీసి, స్టూలెక్కి జాలీ దగ్గర పట్టుకున్నాను. వంటింట్లో పొగ లాగే ఫ్యాను జిడ్డు పట్టి మొరాయించినప్పుడు నేను చేసే పనే ఇది. లాగుతుంటే కాగితం టక్కున అంటుకుంటుంది. ఇక్కడ నా వేళ్ళ మధ్య అలాగే వేలాడింది. కదల్లేదు.

కోటు నవ్వడం మానేశాడు.

"చప్పుడొస్తోంది కదా?" అన్నాడు.

"చప్పుడే వస్తోంది."

జాలీ పక్కనున్న పలకను పైకి నెట్టి టార్చి వేశాను. కింద నుంచి చూస్తే జాలీ. పైన దానికి గొట్టమంటూ లేదు. నాలుగు మరలతో పలకకు బిగించి వదిలేశారు. అసలు గొట్టం కొంచెం అవతల, కొత్త గోడకు అటుపక్క కిందికి దిగుతోంది. చప్పుడు దానిదే. తలుపు పక్కనున్న పెట్టెలోంచి పైకొచ్చిన తీగ కూడా నా కళ్ళముందే కొత్త గోడ దాటి అటుపక్కకే పోయింది.

నేను స్టూలు దిగాను. "అన్నయ్యా, బయటిది అంకెలు చూపించే పెట్టె. మరి గాలిని పట్టి చూసేది ఎక్కడుంది?"

అతను నాలుగు గోడలూ చూశాడు. మళ్ళీ చూశాడు.

"పక్క గదికి పదండి" అన్నాను.

*

పక్క గది దోమల డాక్టరుది. దోమలు పెంచి, వాటి మీద మందులు ప్రయత్నిస్తాడు. గళ్ళచొక్కా, మాసిన గడ్డం. చేతిలో టీ గ్లాసుతో తలుపు తీశాడు.

"త్వరగా లోపలికి రండి, త్వరగా. ఒక్కటి బయటికి పోయినా మేనేజరు నా ప్రాణం తీస్తాడు."

"పది రోజుల క్రితం పక్క గదిలో అమ్మాయి చనిపోయిన రోజు మీరిక్కడే ఉన్నారా?"

"ఉన్నాను. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది." గ్లాసు కింద పెట్టాడు. "రోజూ పొద్దున్న నా తలుపు కొట్టి, నీ పిల్లలు కులాసానా డాక్టర్ అని అడిగేది. దోమల్ని."

"అలారం మోగలేదా?"

"ఇంత దగ్గర్లో మోగితే నాకు వినపడదా?"

"ఈ గది మీరు తీసుకుని ఎన్నాళ్ళయింది?"

"ఈ గదే పుట్టి నెల కాలేదు మేడమ్. అంతకుముందు ఇదీ అదీ ఒకే గది. మధ్యలో గోడ పెట్టి నాకిచ్చారు."

"మీరు నత్రజని వాడతారా?"

"నా దోమలకి చలి పడదు. వాడను."

"మరి అదేంటి?" అన్నాను.

ఎదురు గోడ మీద చిన్న తెల్ల డబ్బా ఉంది. దానికో గొడుగు వేలాడుతోంది.

"అదా? నేను వచ్చేటప్పటికే ఉంది. దేనికో తెలీదు. గొడుక్కి సరిగ్గా సరిపోయిందని ఉంచేశాను." అంటూనే అతని గొంతు తగ్గింది. నా ముఖం చూసి, కోటు ముఖం చూసి, వెళ్ళి గొడుగు తీసేశాడు.

"అన్నయ్యా, మీరు వెళ్ళి పిచ్చుక తలుపు పక్కన నిలబడండి. అంకెలు పైకి చదవండి."

అతను మారు మాట్లాడకుండా వెళ్ళాడు. నేను కూరగాయలకు తీసుకెళ్ళే ప్లాస్టిక్ కవరు సంచిలోంచి తీశాను. దాని నోరు ఆ డబ్బా చుట్టూ గట్టిగా పట్టుకుని, ఒక మూల నుంచి లోపలికి ఊపిరి వదిలాను. మనం వదిలే గాలిలో ప్రాణవాయువు తక్కువ. ఆ పరికరం పట్టుకోవడానికి అది చాలు. మళ్ళీ వదిలాను. మళ్ళీ.

"ఇరవై పాయింట్ తొమ్మిది" నడవాలోంచి కోటు గొంతు. "ఇరవై... ఇరవై పాయింట్ రెండు. పంతొమ్మిదిన్నర... పంతొమ్మిది..."

అప్పుడు మోగింది.

పిచ్చుక గది తలుపు పక్కన, ఆ అమ్మాయి వేలితో తట్టిన పెట్టెలోంచి, అంతస్తంతా దద్దరిల్లేలా మోగింది. ఇటు తలుపులూ అటు తలుపులూ తెరుచుకున్నాయి. తెల్లకోట్లు బయటికొచ్చాయి. దోమల డాక్టరు గొడుగు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అంటే ఆ రోజు అది చూసింది నా గదిలో గాలా?" అన్నాడు.

నేను కవరు తీసేశాను. చప్పుడు ఆగింది. గోడ పెట్టాక పిచ్చుక తన ట్యాంకులు నిండా నింపించిన మొదటి రోజు అదే. పొద్దున్న నింపి తలుపు వేసి వెళ్ళారు. గాలి పోయే దారి లేని గదిలో మధ్యాహ్నం దాకా నత్రజని పేరుకుంది. ఆ అమ్మాయి వచ్చి, చూసుకుని, తట్టి, నమ్మి లోపలికి వెళ్ళింది.

దోమల డాక్టరు వైపు తిరిగాను. "తప్పు మీది కాదు" అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

*

కోటు నడవా చివర కిటికీ దగ్గర కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు. ఇన్నేళ్ళలో అతన్ని అలా చూడటం అదే మొదలు.

"ఇలాంటి గోడలు ఇంకెన్ని?" అడిగాను.

"ఈ అంతస్తులో ఇంకో నాలుగు. ఈ వారమే అయ్యాయి."

"వాటిలోనూ నత్రజనేనా?"

"రేపు పొద్దున్న బండి వస్తుంది. కొనేవాళ్ళు వచ్చేసరికి అందరి ట్యాంకులూ నిండుగా కనపడాలన్నారు. అద్దెకున్నవాళ్ళంతా తెల్లకోట్లతో పనిలో ఉండాలన్నారు."

"బండి ఆపించండి."

"నా పని నా క్లయింటుకి చెప్పడం వరకే. ఇవాళే చెప్తాను. సంతకాలయ్యాక సరిచేస్తారు."

"రేపటికి ఎవరైనా చస్తే?"

"ఒక్కరోజులో ఏమవుతుంది చెల్లెమ్మా?"

"ఆ పిల్లకి ఎంతసేపు పట్టింది?"

అతను కిటికీ బయటికి చూశాడు. నావైపు తిరగకుండానే, "గోడ ఎవరు పెట్టించారో అడగరేం?" అన్నాడు.

"భవనం కంపెనీ చైర్మనే కదా."

"కాదు. ఎన్ని తలుపులుంటే అంతమంది అద్దెకుంటారు, ఎంతమంది ఉంటే భవనానికి అంత ధర అని మీటింగులో లేచి చెప్పింది మీ మరిది. ఆ ఆలోచనకి చప్పట్లు కొట్టారు. మేనేజరు పదవి వచ్చింది దానికే. నాకు తెలిసి చాలా రోజులైంది. మీరు మరీ లోతుకు వెళ్తే వాడదామని దాచుకున్నాను." గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు వాడుతున్నానో, హెచ్చరిస్తున్నానో నాకే తెలియడం లేదు."

ఆ పదవి వచ్చిన రోజు అత్తయ్య వీధంతా మిఠాయి పంచింది. పంచింది నా చేత్తోనే.

నేను అగ్నిమాపక శాఖకు ఫోను చేశాను. ఫిర్యాదు రాసిస్తే ఎల్లుండి మనిషిని పంపుతామన్నారు. అంతకంటే ముందు మూయించాలంటే భవనం మేనేజరే మూయాలన్నారు. పోలీస్ స్టేషన్లో ఆ కేసు ముగిసిందన్నారు. ఆ నాలుగు తలుపులూ నేనే కొట్టాను. విన్నారు, భయపడ్డారు. ఒకావిడ మాత్రం ఉన్న మాట చెప్పింది.

"రేపు కనపడకపోతే గది ఖాళీ చేయాలన్నారు మేడమ్. మేనేజరు చెప్తే ఆగుతాం. మీరెవరని మీ మాట మీద ఆగాలి?"

*

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. మా మరిది అప్పటికే వచ్చి, మేడ మీద ఆరిన బట్టలు తీస్తున్నాడు. ఎవరూ చెప్పకుండా అతను ఆ పని చేయడం నేనెప్పుడూ చూడలేదు. కోటు ఫోను చేసి ఉంటాడు.

నేను దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం మడత పెట్టాం.

"ఆ గది గాలి ఎటు పోతుందనుకున్నావు చిన్నా?"

"గొట్టం తర్వాత వేయిద్దామనుకున్నాను."

"జాలీ మాత్రం ముందే బిగించావు."

"రెండు గదులూ చూడ్డానికి ఒకేలా ఉండాలని..." మాట సగంలో ఆపేశాడు. "నాకు నత్రజని సంగతి తెలీదు వదినా. ఒట్టు. ఏదో వాసనలు పోవడానికనుకున్నాను."

"అలారం?"

"దాని డబ్బా అటుపక్క ఉండిపోయిందని నా తలలోకే రాలేదు. పెట్టె తలుపు పక్కనే ఉందిగా, అంతే చాలనుకున్నాను."

"ఆ అమ్మాయి నీకేమైనా చెప్పిందా?"

దుప్పటి అతని చేతుల్లోంచి జారింది. వంగి తీశాడు. చాలాసేపు దాని దుమ్ము దులుపుతూ ఉండిపోయాడు.

"చెప్పింది. గోడ పెట్టినప్పటి నుంచీ లోపల తల బరువెక్కుతోంది, ఒకసారి పైకెక్కి చూడండి అన్నా, అంది. అన్నా అనేది నన్ను. అమ్మకం అయిపోయాక చూద్దాంలే అమ్మా అన్నాను. సరేనండి అని వెళ్ళిపోయింది." ముఖం తుడుచుకున్నాడు. "గుండె అన్నారు కదా, గుండే అనుకున్నాను వదినా. రోజూ పొద్దున్న లేచి గుండే, గుండే అనుకున్నాను."

నేను అతని భుజం మీద చేయి వేయలేదు. 

"రేపు నా రిపోర్టు వాళ్ళమ్మకి ఇస్తాను. ఆ పిల్ల ఏ జబ్బూ దాచలేదనీ, చూసుకునే లోపలికి వెళ్ళిందనీ రాస్తాను. అందులో నీ పేరు కూడా ఉంటుంది. తీసేయమని అడగకు."

"అడగను."

"కానీ నా రిపోర్టు అందేలోపు బండి వచ్చేస్తుంది. నాలుగు గదుల్లో మనుషులుంటారు. ఆ భవనాన్ని ఈ రాత్రికి మూయగలిగింది ఒక్కడే. నేను కాదు."

"మూస్తే అమ్మకం ఆగిపోతుంది. మళ్ళీ ఎవడూ కొనడు." అతను మెట్లవైపు చూశాడు. కింద అత్తయ్య ఎవరితోనో గట్టిగా నవ్వుతోంది. "అమ్మ ఇల్లు వదినా. పడమటి కిటికీ ఉన్న ఇల్లే కావాలని రోజుకో ఫ్లాటు చూసొస్తోంది."

"తెలుసు."

"నువ్వే చెప్పరాదూ అమ్మకి?"

"ఏం చెప్పాలో నువ్వు తేల్చుకున్నాక కదా, ఎవరు చెప్పాలన్నది."

బట్టలన్నీ నా చేతిలో పెట్టి, మేడ మీద ఒక్కడే ఉండిపోయాడు.

*

భోజనాలకు అందరం కూర్చున్నా అతను దిగిరాలేదు. తోడికోడలు రెండుసార్లు మెట్ల దగ్గరికి వెళ్ళి వచ్చింది.  మా ఆయనకి నేను వంటింట్లోనే చెప్పాను. ఆయన కంచాలు తెచ్చి వేశాడు.

"మీరిద్దరూ పొద్దున్నటి గొడవకి ఇంకా మూతులు బిగించుకుని కూర్చున్నారా?" అంది అత్తయ్య. "నేనెప్పుడో మర్చిపోయాను. వడ్డించు."

మరిది దిగివచ్చాడు. చేతులు కడుక్కుని తన చోట కూర్చున్నాడు. ఫోను చొక్కా జేబులో ఉంది. కూర్చోగానే మోగింది. ఆగి మళ్ళీ మోగింది.

"ఎవర్రా అన్నిసార్లు?"

"చైర్మన్ అమ్మా."

"మరి తీయవేం? రేపు సంతకాలు పెట్టుకుని ఇవాళ పెద్దమనిషి ఫోను తీయకపోతే ఎలా?"

అతను ఫోను తీసి, మోగుతున్నదాన్ని అలాగే పీట కింద బోర్లా పెట్టాడు.

"ఆయనకంటే ముందు మీకు చెప్పాలి" అన్నాడు. గొంతు పెంచలేదు. "భవనం మూసేశాను. రేపు ఎవరూ లోపలికి వెళ్ళొద్దని అద్దెకున్నవాళ్ళందరికీ మెసేజ్ పెట్టాను. నత్రజని బండిని రావద్దన్నాను. కొనేవాళ్ళకీ చెప్పేశాను."

తోడికోడలు గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"ఎందుకురా?" అంది అత్తయ్య.

"ఆ అమ్మాయి గుండె ఆగి చనిపోలేదమ్మా. గాలి లేక చనిపోయింది. గాలి పోయే దారిని మూసిన గోడ నేను పెట్టించిందే. బాలేదని నాకు చెప్పింది కూడా. నేను వినలేదు. ఇదంతా అందులో రాశాను. వాళ్ళమ్మగారికి కూడా పంపాను."

ఫోను మోగడం ఆగింది. అత్తయ్య కంచం మీద చేయి అలాగే ఉంది. మా ఆయన వైపు చూసింది, నావైపు చూసింది. ఇద్దరమూ తల దించుకోలేదు. అప్పుడు ఆమెకు అర్థమైంది.

"మరి ఇల్లు?" అంది, చాలా చిన్నగా.

"ఇల్లు రాదమ్మా."

ఆమె ఎడమచేత్తో కొంగు తీసుకుని నోటికి అడ్డం పెట్టుకుంది. తోడికోడలు వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది.

"పొద్దున్నే పోలీస్ స్టేషనుకి వెళ్తున్నాను" అన్నాడు చిన్నా, ఎవరివైపూ ప్రత్యేకంగా చూడకుండా. "అన్నయ్యా, నువ్వు తోడొస్తే బాగుంటుంది."